రింగుల సీటు

ఇల్లు, వంటగది కిటికీ పక్కన
ఆదివారం మధ్యాహ్నం

ఏమండీ,

పేరు రాయడానికి చెయ్యి రాలేదు. పైన ఏం రాయాలో తెలియక కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. చివరికి పిలిచే మాటే రాశాను. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే నవ్వుకోండి గాని ఎవరికీ చూపించకండి.

ఫోనులో ఎందుకు నోరు విప్పవని మొన్న అడిగారు. మీ ఫోను రాగానే అత్తయ్య స్పీకరు పెడతారు. సరిగ్గా వినపడదని ఆవిడ బాధ. మీరు "తిన్నావా" అంటే పక్క వాటా వాళ్లు "ఆ, తిందిలే" అంటున్నారు. ఇంక నేనేం మాట్లాడను? మా యూనిట్ నుంచి మీ ఫ్యాక్టరీకి సామాను తెచ్చే వ్యాను బాబాయి ఉత్తరాలు అందిస్తానన్నాడు. వారానికి రెండు ట్రిప్పులట.

నా పని గురించి అడిగారు కదా. మేం పదకొండు మందిమి. పొడుగాటి బల్ల మీద మేకులు కొట్టి ఉంటాయి. వాటి మధ్య రంగురంగుల తీగలు పరిచి, దగ్గరికి చేర్చి టేపు చుడతాం. చూడటానికి జడలా ఉంటుంది, అందుకే జడ అనే అంటాం. జడ కొసన ఇరవైనాలుగు రంధ్రాల కనెక్టరు. అది మీరు చేసే కారులోని మెదడుపెట్టెకి గుచ్చుకుంటుంది. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అని పెద్ద పేరు ఉందట గాని మాకు నోరు తిరగదు. తలుపు తాళాలు, లోపలి దీపం, వైపర్లు, హారను అన్నీ అది చెప్పినట్టే వింటాయని సూపర్‌వైజరు చెప్పాడు. "అయితే ఇంట్లో అత్తగారన్నమాట" అంది పొడుగక్క. నేను తల వంచుకుని నవ్వాను.

పొడుగక్క నా పక్క సీటు. ఆ కనెక్టరులో పిన్నులు గుచ్చేది ఆవిడే. పద్దెనిమిదేళ్ల అనుభవం. చేరిన రోజు నాచేత కూడా గుచ్చించి చూసింది. "తొయ్యి. టిక్కుమందా? అప్పుడే నమ్మకు. ఇప్పుడు లాగు. లాగినా రాకపోతేనే కూచున్నట్టు." ఇరవైనాలుగూ అయ్యాక గోళ్ల రంగుతో పసుపు చుక్క పెడుతుంది. అది ఆవిడ సంతకం.

నాది రింగుల సీటు. ప్రతి తీగ కొసకి కందిగింజంత రబ్బరు రింగు ఎక్కించాలి. తర్వాత మెషీను పిన్ను నొక్కుతుంది. రంధ్రంలోకి నీళ్లు పోకుండా ఆ రింగు అడ్డం. రెండు నెలల నుంచి వస్తున్న రింగులు ఎండిపోయి బిగుసుకుపోయి ఉంటున్నాయి. వేళ్ల చర్మం లేచిపోయింది. మీరు కొనిచ్చిన నిమ్మవాసన సబ్బు అరిగిన ముక్కలు డబ్బా మూతలో నానబెట్టి, మోకాళ్ల దగ్గర పెట్టుకుని, కొస ముంచి ఎక్కిస్తున్నాను. జారినట్టు వెళ్తాయి. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. ఎక్కువ తీగలు చేశానని బోర్డు మీద నా పేరు రాశారు. అది చూసి బాత్రూములోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇంట్లోంచి, నేను

*

వర్కర్ల లాడ్జి, పై మంచం
శుక్రవారం, షిఫ్టు దిగాక

పిట్టకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పెళ్లయిన ఏడాదిలో నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇందులో సగం ఉండవు. కింద మంచం వెల్డరు గురక పెడితే నా మంచం ఊగుతుంది. ఆ ఊపులోనే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తప్పు నాది కాదు.

నన్ను అసెంబ్లీ లైను నుంచి టెస్టింగు బెంచికి మార్చారు. ఇది నిలబడితే క్వార్టరు ఇస్తారు. క్వార్టరంటే రెండు గదులు, నువ్వు, నేను, స్పీకరు లేని ఫోను.

అయితే రాగానే తలనొప్పి ఒకటి తగులుకుంది. అమ్మిన బండ్లు కొన్ని తిరిగొస్తున్నాయి. తలుపులు వాటంతట అవే లాకు అవుతున్నాయి. ఒకావిడ డిక్కీ మూయడానికి కిందికి దిగిందట. పసిబిడ్డ లోపల, తాళంచెవి లోపల. నాలుగు తలుపుల తాళాలూ టపటపా పడిపోయాయి. ఎండలో బండి. అద్దం పగలగొట్టి బిడ్డను తీశారు. బిడ్డ బాగానే ఉంది. ఆవిడ మాత్రం మా ఆఫీసు గుమ్మంలో కూచుని లేవలేదు.

కనెక్టరులో తుప్పు కనిపించింది. తిరిగొచ్చిన తొమ్మిదింటి మీదా పసుపు చుక్కే. మీ పొడుగక్క పని ఎలా చేస్తుందో కాస్త గమనించి రాయి. ఊరికే అడుగుతున్నాను.

అమ్మ మోకాలి నూనె అయిపోయి ఉంటుంది, చూడు.

నీ పై మంచం వాడు

*

ఇల్లు, మేడమెట్ల మీద
ఆదివారం

ఏమండీ,

ఆ బిడ్డ సంగతి చదివి అన్నం సహించలేదు. మన జడలే కదా అవి.

మీరు రాశాక పొడుగక్కని చూడకుండా ఉండలేకపోతున్నాను. ఇదివరకు పక్కనే కూచున్నా పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఆవిడ కదిలితే నా మెడ తిరుగుతోంది. నాకే సిగ్గుగా ఉంది.

ఆవిడ ఏదో దాస్తోంది. చేతిసంచిలో అడుగున చిన్న రేకు డబ్బా ఉంది. రోజుకి రెండు మూడుసార్లు సంచి తీసుకుని అట్టపెట్టెల వెనక్కి వెళ్తుంది. ఎవరైనా వస్తే చప్పున సంచి మూస్తుంది. ఒకసారి నేను నీళ్లకని అటు వెళితే "ఏంటే, నా వెనకాలే తిరుగుతున్నావు, కొంగుకి కట్టుకోనా?" అంది. నవ్వుతూనే అంది గాని కళ్లు నవ్వలేదు.

ఇంకోటి. కనెక్టరుని ముఖానికి మరీ దగ్గరగా పట్టుకుంటుంది. టేపు చుట్టే బొద్దమ్మ ఆటపట్టించింది.

"ఏంటక్కా, దానికి ముద్దు పెడుతున్నావా?"

"ముద్దు కాదే, వాసన చూస్తున్నా. మీ అందరి చేతులూ శుభ్రంగా ఉన్నాయో లేదో."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

రేకు డబ్బాలో ఏముందో తెలియదు. పిన్నులకి ఏదైనా పూస్తోందా? పద్దెనిమిదేళ్లు చేసిన మనిషి ఎందుకు పూస్తుంది? ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి. నాది అనుమానమే.

అత్తయ్య మోకాలి నూనె తెచ్చాను. పనికిరాని తీగ ముక్కలు ఇంటికి తీసుకెళ్లనిస్తారు. అత్తయ్యకి తీగ ముక్క దొరికితే ఇల్లంతా కట్టేస్తారు. చీపురు, కిటికీ రెక్క, పప్పు డబ్బా మూత, అన్నీ ఇప్పుడు కట్టేసే ఉన్నాయి. ఏది తీయాలన్నా ముడి విప్పాలి.

నేను

*

టెస్టింగు గది
బుధవారం

పిట్టకి,

తొందరలో రాస్తున్నాను.

ఆ నిమ్మ సబ్బు ఇంక వాడకు. ఇంట్లోనూ వద్దు, పనిలోనూ వద్దు. ఆ కంపెనీది చర్మానికి మంచిది కాదట. మిగిలింది పారెయ్. వేరే సబ్బు పంపుతున్నాను, దాన్ని యూనిట్‌కి తీసుకెళ్లకు. రింగులు పొడిగానే ఎక్కించు, వేళ్లకి ప్లాస్టరు చుట్టుకో.

పొడుగక్క గురించి నువ్వు రాసింది ఉపయోగపడే సంగతే. ఇంక ఆవిడతో ఎక్కువ మాట్లాడకు.

ఈ ఉత్తరం చదివాక చింపెయ్.

*

ఇల్లు, వంటగది
ఆదివారం

ఏమండీ,

ఉత్తరం చింపాను. చింపాక మళ్లీ ముక్కలు కలిపి చదివాను.

సబ్బు చేరింది. గులాబీరంగు కాగితం, లోపల పల్చటి ఇంకో కాగితం. అత్తయ్య వాసన చూసి "వీడికి ఇంత సున్నితం ఎప్పుడొచ్చింది? చిన్నప్పుడు సబ్బంటే పారిపోయేవాడు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మగవాళ్లు అంగడికి వెళ్లి అలాంటి సబ్బు ఎంచుకోరు. పోనీ, ఎంచుకున్నది మీరు కాకపోతే ఎవరు? నిమ్మ సబ్బు కూడా మీరే తెచ్చారు. అది ఉన్నట్టుండి మీకెందుకు చేదయింది? ఇలా అడిగేదాన్ని కాను. ఎదురుగా ఉంటే అసలు అడగలేను. కాగితం కాబట్టి అడుగుతున్నాను.

ఇంతకంటే పెద్ద సంగతి ఉంది.

గురువారం మీ ఫ్యాక్టరీ నుంచి క్వాలిటీ సారు వచ్చారు. జలుబు చేసినట్టుంది, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడారు. బల్ల చుట్టూ తిరగలేదు, మెషీను చూడలేదు. తిన్నగా పొడుగక్క దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"సంచి తియ్యమ్మా. అడుగున రేకు డబ్బా ఉందట, అదీ తియ్యి."

పొడుగక్క కదల్లేదు. సూపర్‌వైజరు సంచి బల్ల మీద కుమ్మరించాడు. డబ్బాలో కళ్లజోడు. అంతే. కళ్లజోడు, తుడుచుకునే గుడ్డ ముక్క.

చూపు ఆనని వాళ్లని పిన్నుల సీటులో కూచోబెట్టకూడదని మా దగ్గర రూలుంది. ఆవిడ అట్టపెట్టెల వెనక్కి వెళ్లి, జోడు పెట్టుకుని, తను గుచ్చి పెట్టెల్లో సర్దినవి సరిచూసుకుని వచ్చేది. మిగతా అంతా వేళ్లతోనే. "చూపు లేక పిన్నులు సరిగ్గా కూచోబెట్టలేదు, తేమ చేరింది, తుప్పు పట్టింది" అని సారు రాసుకున్నారు. ఆవిడ ఒక్క మాట అంది: "నేను గుచ్చినవాటిలో ఒక్కటి లాగి చూపించండి సారూ." ఎవరూ లాగలేదు. విచారణ అయ్యేదాకా రావొద్దన్నారు. ఆవిడ గోళ్లరంగు సీసా బల్ల మీదే వదిలేసి వెళ్లింది.

ఏమండీ, రేకు డబ్బా సంగతి సారుకి ఎలా తెలిసింది? యూనిట్‌లో దాన్ని చూసింది నేనొక్కదాన్నే. బొద్దమ్మకి కూడా తెలియదు, నోరు తెరిచి చూసింది. నేను రాసింది మీకే. ఆ ఉత్తరం తెచ్చింది వ్యాను బాబాయి. దారిలో తెరిచి చదివాడా? టీ బంకుల దగ్గర గంటలు గంటలు ఆగుతాడని అంటారు. ఈ కవరు మడతలో రాగి తీగ పోగు ఒకటి పెట్టాను. వెంట్రుకంత ఉంటుంది. తెరిస్తే పడిపోతుంది. మీ చేతికి వచ్చేసరికి ఉందో లేదో రాయండి.

నేను

*

లాడ్జి
బుధవారం

పిట్టకి,

రాగి పోగు ఉంది. నువ్వు పెట్టిన చోటే ఉంది. బాబాయి అలాంటి మనిషి కాదు, అతన్ని అనుమానించకు.

సబ్బు క్యాంటీను స్టోర్సులో కొన్నాను. అక్కడ ఉండే ఆవిడకి మా అమ్మ వయసు. ఇంకేం అడుగుతావు?

పొడుగక్క సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు. చూపు తగ్గిన మనిషి ఎలాగూ ఎన్నాళ్లో చేయలేదు. క్వార్టర్ల లిస్టులో నా పేరు వచ్చింది. నెలాఖరుకి ఖాయం చేస్తారు. సామాన్లు ఏవేవి తేవాలో చూసుకో. అమ్మకి కూడా చెప్పు.

*

ఇల్లు, గడప మీద
ఆదివారం

ఏమండీ,

అయితే బాబాయి కాదు.

నేను నెమ్మదిగా రాస్తాను. నాకు ఒకేసారి అన్నీ తోచవు.

నిన్న పప్పు డబ్బా తెరవాలంటే అత్తయ్య కట్టిన తీగ ముడి విడలేదు. అది నేను చేరిన కొత్తలో తెచ్చిన ముక్క కాదు, సబ్బు మొదలుపెట్టాక తెచ్చింది. మెషీను వంకరగా నొక్కిందని పారేసిన ముక్క. రింగు, పిన్ను రెండూ దానికే ఉన్నాయి. కత్తితో రింగు కోశాను. కింద రాగి పచ్చగా ఉంది. నాచు పట్టినట్టు. ఆ పచ్చదనం పిన్ను దాకా పాకింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిమ్మవాసన.

పొయ్యి మీద ఏముందో మర్చిపోయాను. అత్తయ్య వచ్చి "మాడిపోతోందే" అనేదాకా అలాగే కూచున్నాను.

కిటికీకి కట్టిన ముక్క విప్పాను. అది పాతది, సబ్బుకి ముందుది. దాని రింగు కూడా కోశాను. రాగి మెరుస్తోంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అత్తయ్య "ఏం చూస్తున్నావే" అంటే "ఏం లేదు" అన్నాను. ఏం లేదనడం నాకు అలవాటే కదా.

తుప్పు పట్టించింది పొడుగక్క కళ్లు కాదు. నా మూత, నా సబ్బు నీళ్లు. నీళ్లు పోకూడదని పెట్టే రింగు వెనకాల నేనే నీళ్లు పెట్టి మూశాను. ఆ బిడ్డ ఎండలో ఉన్నది నా వల్ల. బోర్డు మీద పేరు చూసుకుని మురిసిపోయాను.

ఇంక మీ సంగతి.

సబ్బు నీళ్ల సంగతి మీకు తప్ప ఎవరికీ తెలియదు. రేకు డబ్బా సంగతి మీకు తప్ప ఎవరికీ రాయలేదు. రెండూ మీ దగ్గరే ఉన్నాయి. ఒకటి దాచారు, ఒకటి చెప్పారు.

ఇంకో ఆడమనిషి ఉందేమోనని ఇన్ని రాత్రులు ఏడ్చాను. ఉండి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

*

లాడ్జి, మెట్ల కింద
సోమవారం

పిట్టకి,

నువ్వు రాసిందంతా నిజం.

ఆ బుధవారం ఒక కనెక్టరుని వేడిపెట్టెలో పెట్టాం. తలుపు తీయగానే నువ్వొచ్చి నా పక్కన నిలబడ్డట్టయింది. అదే వాసన. మొదట నవ్వొచ్చింది. తర్వాత నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చి పెట్టె తలుపు మూసేశాను. క్వాలిటీ సారు "ఏదైనా తేడా ఉందా" అని అడిగారు. ఆయనకి జలుబు, వాసన తెలియదు. లేదన్నాను. ఆ సాయంత్రమే మళ్లీ పిలిచి "మీ ఆవిడ అక్కడే కదా పనిచేసేది, ఏమైనా తెలుసా" అన్నారు. నీ పేరు రాకూడదు. ఏదో ఒకటి చెప్పాలి. డబ్బా సంగతి చెప్పాను. అందులో కళ్లజోడు ఉందని నాకు తెలియదు.

నిన్ను కాపాడాననుకున్నాను. రాత్రుళ్లు పడుకుని ఆలోచిస్తే, క్వార్టరుని కాపాడుకున్నానని అర్థమవుతోంది.

ఒక్కటే అడుగుతాను. నెలాఖరు దాకా ఆగు. పదకొండు రోజులు. లిస్టు ఖాయమయ్యాక నేనే వెళ్లి చెప్తాను. ఆవిడకి జీతం నష్టం లేకుండా చూడమంటాను. నువ్వు నలుగురిలో నిలబడి మాట్లాడలేవు, నాకు తెలుసు. ఆ పని నాకు వదిలెయ్. ఆగుతానని రాయి.

*

యూనిట్, భోజనాల బల్ల
శనివారం

ఏమండీ,

ఆగలేదు. మీ ఉత్తరం గురువారం పొద్దున బాబాయి ఇచ్చాడు. గేటు దగ్గరే చదివాను. పది గంటలకి చెప్పేశాను.

ఎలా చెప్పానో వినండి, మీరు నమ్మరు. నోటితో మొదలుపెట్టలేకపోయాను. మూత, సబ్బు ముక్క, కోసిన రెండు తీగలు తీసుకెళ్లి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టాను. "ఇదేంటి, స్నానం సామానా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. తర్వాత అంతా చెప్పాను, డబ్బా సంగతి మీకు రాసింది నేనేనని కూడా. బొద్దమ్మ చేతిలో టేపు జారి బల్ల కిందికి దొర్లుకుంటూ పోయింది.

బోర్డు మీద నా పేరు తుడిచేశారు. నేను సబ్బు వాడిన మూడు నెలల జడలన్నీ వెనక్కి రప్పిస్తున్నారు. మొదటి అట్టపెట్టెలు అప్పుడే వచ్చాయి. వాటి రింగులు కోసి తీసే పని నాకే ఇచ్చారు. పని తీసేస్తారో ఉంచుతారో ఇంకా చెప్పలేదు. అత్తయ్యకి అంతా చెప్పాను. ఆవిడకి వినపడలేదేమోనని గట్టిగా రెండోసారి చెప్పాను. "మొదటిసారే వినపడిందే" అన్నారు, అంతే. పక్క వాటా వాళ్లకీ వినపడింది. పోనీలెండి.

పొడుగక్క నిన్న వచ్చింది. కళ్లజోడు పెట్టుకునే వచ్చింది. జోడు పెట్టుకుని పని చేయొచ్చని సూపర్‌వైజరు కాగితం ఇచ్చాడు. మధ్యాహ్నం దాకా నావైపు చూడలేదు. భోజనం దగ్గర నా ఎదురుగా కూచుని, గొంతు పెంచకుండా అంది:

"నిమ్మవాసన నాకు మొదటి వారమే తెలిసిందే. కొత్త పెళ్లికూతురు, చేతులు నాజూకు, ఏదో రాసుకుంటోందిలే అనుకున్నా. తుప్పు దాని వల్ల వచ్చిందో ఏమో నాకూ తెలియదు. కాని విచారణలో అడిగినప్పుడు నీ మాట ఎత్తలేదు. నువ్వు నా డబ్బా సంగతి మొగుడికి రాశావు."

"తప్పయిందక్కా" అన్నాను. "అన్నం తిను" అంది. తిన్నాను. క్షమించిందో లేదో తెలియదు. సాయంత్రం ఒక కనెక్టరు నా ముందుకి తోసి "లాగి చూడు" అంది. ఇరవైనాలుగూ లాగి చూశాను. ఒక్కటీ రాలేదు.

మీ చీటీ ఇవాళ బాబాయి తెచ్చాడు. "సారుకి చెప్పేశాను. బెంచి నుంచి తీసేశారు. లిస్టులోంచి కూడా." అంతే రాశారు. చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి చీటీ తిప్పి చూశాను. వెనక కూడా చూశాను. ఏ రోజు రాశారో వెయ్యలేదు.

నా మాట గురువారం సాయంత్రానికే మీ ఆఫీసుకి చేరిందట. మీరు చెప్పింది దానికి ముందా, తర్వాతా? తర్వాతైతే అది చెప్పడం కాదు, దొరకడం. ముందైతే నేను మీకు రాసిన మాటలు కొన్ని వెనక్కి తీసుకోవాలి. ఇలా అడగడం నాకు ఇష్టం లేదు. ఇదివరకైతే అడగకుండా మనసులో పెట్టుకుని నెలల తరబడి అనుమానించేదాన్ని.

క్వార్టరు లేకపోతే పోయింది. సెలవు దొరికితే రండి. స్పీకరు పెట్టుకునే మాట్లాడుకుందాం.

ఈ కవరు అంటించలేదు. బాబాయి "మూతి అతికించలేదేంటమ్మా, మర్చిపోయావా?" అన్నాడు. "లేదు బాబాయీ, కావాలంటే చదువుకో" అన్నాను. "నాకు అక్షరం ముక్క రాదు తల్లీ" అన్నాడు. అలాంటి మనిషిని నేను అనుమానించాను.

నేను చెప్పింది గురువారం పొద్దున పది గంటలకి. మీరు ఎప్పుడు చెప్పారో రాయండి. మీ చీటీలో టిక్కుమన్నది నాకు వినపడింది. ఇది లాగి చూడటం, అంతే.

మీ పిట్ట